జైలరును ఎవరడుగుతున్నారు?

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మేము సంతోషంతో స్వాగతించాం. జైల్లో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని, మూడు నెలల్లో జైలు మాన్యువళ్లను సవరించాలని ధర్మాసనం ఆదేశించింది. అయితే రేపు ఉదయం మరుగుదొడ్లు కడిగేదెవరు, వంటశాలకు వెళ్లేదెవరు అని తేల్చేది జైలరు, డిప్యూటీ జైలరు, వాళ్ల కింద హెడ్ వార్డర్లు. మాన్యువల్ మార్చేటప్పుడు వీళ్లను అడగాలని ఎవరికైనా తోచిందా?

మన జైళ్లు ఆజ్ఞల మీద నడుస్తాయి. 1894 నాటి చట్టం వాటికి పునాది. పైనుంచి సర్క్యులర్ వస్తుంది. తేడా జరిగితే సంజాయిషీ మధ్యలో ఉన్నవాడు ఇచ్చుకోవాలి. 2022 జాతీయ గణాంకాల ప్రకారం 4,36,266 మందికి సరిపడే జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. ఇంత ఇరుకులో ములాఖత్ వేళలు మార్చినా, ఒక బ్యారక్ మనుషుల్ని ఇంకో బ్యారక్‌కు పంపినా, ఆ రాత్రి గొడవ అవుతుందో లేదో ముందే పసిగట్టగలిగేది జైలరే. అడిగితే చెబుతాడు. అడగకపోతే ఊరుకుంటాడు, మొక్కుబడిగా అమలు చేస్తాడు. ఆ భారం చివరికి ఖైదీ మీద పడుతుంది.

ఫిలిప్పీ చెరసాల నాయకుడి గురించి మన సంఘాలు ఎన్ని ప్రసంగాలు విన్నాయో! ఖైదీలు పారిపోయారనుకుని అతడు కత్తి దూసింది పైవాళ్లకు ఏం జవాబు చెప్పాలన్న భయంతోనే కదా. జైలు పరిచర్యకు వెళ్లే మనవాళ్లు ఖైదీల కోసం ప్రార్థిస్తారు. గేటు తీసినవాడి కోసం ప్రార్థించడం తక్కువే.

వాళ్ల మాట వినాలంటే వాళ్ల సౌకర్యమే చట్టం కావాలని కాదు. కులాన్ని బట్టి పని పంచే అలవాటు ఇన్నేళ్లు సాగింది కొంతవరకు వాళ్ల చేతుల మీదుగానే. దాన్ని ఆపాలా వద్దా అన్నది ఇక చర్చ కాదు. పని జాబితాను వంతుల వారీగా ఎలా తిప్పాలి, దాన్ని ఎవరు సరిచూడాలి అన్నవి మాత్రం వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. అమరావతి గానీ హైదరాబాద్ గానీ ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రతి కేంద్ర కారాగారంలో నెలకోసారి సూపరింటెండెంటు తన జైలర్లతో, హెడ్ వార్డర్లతో సమావేశం కావాలి. వాళ్లు చెప్పింది మినిట్స్‌లో ఎక్కాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పాలి. మాన్యువల్ ముసాయిదా సంతకాలు కాకముందే వాళ్ల చేతికి రావాలి.