పుప్పొడి సాక్ష్యం

మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడు మొన్న తీరిక వేళ ట్రిస్టన్ డ కూన్హా ద్వీపం సంగతి ఎత్తాడు. అది దక్షిణ అట్లాంటిక్ నడుమ, కేప్‌టౌన్‌కు సుమారు 2,800 కిలోమీటర్ల దూరాన ఉందిట. అక్కడి ఊబినేల పొరల్లో దాగిన పుప్పొడిని పరీక్షించి హాఫ్‌స్టెన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లో ప్రకటించాడు. అందులో నోథోఫాగస్ అనే చెట్టు పుప్పొడి ఉంది. చెట్టు మాత్రం దీవిలో లేదు! దక్షిణ అమెరికా నుంచి పడమటి గాలి మోసుకొచ్చింది.

"మరి ఆ మట్టి మాట నమ్మడమెలా?" అన్నాను.

"ముందు ఈనాటి నాచును అడగాలి, మాస్టారూ!" అన్నాడు.

నేలమీది నాచులో ఈమధ్య రాలిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద లెక్కించి, చుట్టూ కనిపించే మొక్కలతో పోల్చి చూస్తారు. గాలికి పుప్పొడి వదిలే మొక్క సాధారణంగా తన వంతుకు మించి కనిపిస్తుంది. పురుగుల్ని నమ్ముకున్న పువ్వు పక్కనే విరగబూసినా, దాని జాడ అంతంతమాత్రం. ఈ తేడా తెలిశాకే పాత పొరల్ని చదవాలి.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా బామ్మకు ఎన్నో పాటలు వచ్చు. ఒక్కటీ ఎవరూ రాసిపెట్టలేదు. నేనేమో ఏటా క్లాసులో, "పూర్వం మన స్త్రీల కవిత్వం స్వల్పం" అని చెబుతూ వచ్చాను. పుప్పొడి దొరకలేదని పువ్వే లేదన్నానన్నమాట!

మా మేనత్తకు ఇంకా నాలుగు పాటలు గుర్తున్నాయిట. నిన్ననే నోటుబుక్కు కొన్నాను.