కొలువులోని నకిలీ బొమ్మ – త్యాగధర్మము

సంక్రాంతి సమీపించినప్పుడు తార్నాకలోని అనేక గృహములలో అటకపైనుండి బొమ్మల పెట్టెలు దిగును. మెట్లు అమర్చి, తెల్లని వస్త్రము పఱచి, దశావతారములను, అంబారీ ఏనుగును, పల్లెవారి బొమ్మలను వరుసగా నిలిపి, ముత్తైదువలను పేరంటమునకు పిలిచి హారతి ఇచ్చుట తరతరముల ఆచారము. అట్టి గృహములలో ఒకదానిని ఉదాహరణముగా భావింతము. ఆ ఇంటి కుమార్తె ఉస్మానియా విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్నది. "అసలైన కొండపల్లి బొమ్మలు" అను మాట నమ్మి తల్లి నిరుడు కొన్న దశావతారములను తుడుచుచుండగా వామనమూర్తి చేజారి విఱిగినది. లోపల కఱ్ఱ లేదు. అచ్చులో పోసిన రెజిన్ ఉన్నది. తక్కిన తొమ్మిదింటిని త్రిప్పి చూడగా ప్రతిదాని ప్రక్కను అచ్చు అతుకు గీత కనిపించినది.

మోసపోయినందుకు కలిగిన దుఃఖము కొన్ని దినములలో చల్లారును. అటుపిమ్మట మిగులునది ధర్మప్రశ్న. నకిలీయని తెలిసిన వస్తువును ఏమి చేయవలెను? కొన్నప్పుడు ఆ తల్లికి తెలియదు గనుక ఆమెకు దోషము లేదు. ఇక మీదట చేయు ప్రతి పనియు తెలిసి చేయునదే. కనుక ఆమెకు పరీక్ష బజారులో జరుగలేదు, ఇప్పుడు మొదలైనది.

ముందుగా నకిలీ యనగా ఏమియో తెలియవలెను. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో కళాకారులు తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు దిద్దుదురు. పొణికి మిక్కిలి తేలికయైన కఱ్ఱ. చేతిపని గనుక ఏ రెండు బొమ్మలును అచ్చముగా ఒకే పోలికలో ఉండవు. ఈ పేరునకు భౌగోళిక సూచికగా చట్టరక్షణ కలదు. కనుక "కొండపల్లి" అనునది ఒక ఊరిపేరు మాత్రమే కాదు, ఒక వృక్షమునకు, ఒక కులవిద్యకు, కొన్ని కుటుంబముల జీవనమునకు సంకేతము. రెజిన్ బొమ్మను రెజిన్ బొమ్మ యని చెప్పి తక్కువ వెలకు అమ్మిన వానిది దోషము కాదు, దానిని కొని పిల్లవానికిచ్చిన పేదతండ్రిది అంతకన్నను కాదు. దోషమంతయు పేరును దొంగిలించుటలో ఉన్నది. అది సత్యమునకు భంగము, అస్తేయమునకును భంగము.

తార్నాక ఇంటికి తిరిగి వత్తము. విషయము విన్న ప్రక్కింటి ఇల్లాలు, "పిన్నిగారూ, దేవుడి బొమ్మలు కదా, గుడిలో రావిచెట్టు మొదట్లో పెట్టేసి రండి" అనును. ఇది నేడు నగరమంతటను వ్యాపించిన అలవాటు. పగిలిన పటములు, రంగు వెలిసిన విగ్రహములు, అక్కఱతీరిన క్యాలెండర్లు అశ్వత్థమూలమునకు చేరును. దేవాలయము గృహస్థుల అనవసర వస్తువులకు గిడ్డంగి కాదు. అక్కడ పెట్టినవానిని తుదకు ఒక పారిశుద్ధ్య కార్మికుడు ఎత్తి చెత్తబండిలో వేయవలసినదే. తన చేతితో చేయుటకు మనసొప్పని పనిని పేరు తెలియని మఱియొకని చేతికి అప్పగించుట భక్తి యనిపించుకొనదు.

ఇచ్చట భక్తులకు ఒక శంక కలుగును. బొమ్మ నకిలీ అయినచో నిరుడిచ్చిన హారతియు వ్యర్థమైనదా? కాలేదు. కొలువుబొమ్మకు ప్రాణప్రతిష్ఠ లేదు. పూజ చేసినవారి భావము విష్ణువును ఉద్దేశించినది, విక్రేత చెప్పిన అబద్ధమును కాదు. కూటరూపము కఱ్ఱకు సంబంధించినది, దైవమునకు సంబంధించినది కాదు. నమస్కరించి, మనసులో ఉద్వాసన చెప్పి, ఆ మూర్తిని మర్యాదతో ప్రక్కకు తీసిన చాలును.

రెండవ ఆలోచన తల్లిది. "పేరంటానికి వచ్చిన పిల్లలకు తలా ఒకటి ఇచ్చేద్దామే అమ్మాయీ, మిగిలినవి అంగన్‌వాడీకి పంపుదాం. పుణ్యం." ఇది వినుటకు ఉదారముగా ఉన్నది. కాని కఠోపనిషత్తు సరిగా ఈ స్థలముననే ఆరంభమగును. వాజశ్రవసుడు యజ్ఞము చేసి, ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలీయలేని, ఈనలేని గోవులను దక్షిణగా ఇచ్చుచుండగా బాలుడైన నచికేతుని హృదయమున శ్రద్ధ ప్రవేశించినది. ఇట్టి దానము దాతను ఆనందము లేని లోకములకు చేర్చునని ఆతడు చింతించినాడు. ఆ గోవులు నకిలీవి కావు, నిజమైన గోవులే. దానమను పేరుమాత్రమే అక్కడ నకిలీ. తనకు పనికిరానిదానిని వదలించుకొనుచు దానికి పుణ్యమని పేరు పెట్టుట ఆనాడును కలదు, ఈనాడును కలదు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి, విద్య ముగించి వెళ్లు శిష్యునకు సత్యమును ముందుగా విధించి, పిమ్మట దానము శ్రద్ధతో చేయవలెనని చెప్పుటలో క్రమము గమనింపదగినది. "ఇది కొండపల్లిది కాదు, అచ్చు బొమ్మ, ఆడుకొనుటకు బాగుండును" అని చెప్పి పిల్లవానికిచ్చినచో దోషము లేదు. ఆ ఒక్క వాక్యము చెప్పుటకు నాలుక వెనుదీసినచో ఆ దానము చేయరాదు.

మూడవ ఆలోచన విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి వచ్చును. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనము ఎదుట చెట్లనీడను మిత్రులు కూర్చుండి చర్చింతురు. ఒకడు "ఆన్‌లైన్‌లో అమ్మెయ్, పోయిన డబ్బులు తిరిగొస్తాయి" అనును. న్యాయశాస్త్ర విద్యార్థి అడ్డుపడును. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము 2003లో అమలులోనికి వచ్చినది. తప్పుడు సూచిక గల వస్తువును అమ్మినను, అమ్మకమునకై దగ్గఱ ఉంచుకొన్నను 6 నెలలనుండి 3 సంవత్సరముల వఱకు కారాగారము, 50,000 నుండి 2,00,000 రూపాయల వఱకు జరిమానా అందు విధింపబడినవి. తగిన జాగ్రత్త తీసికొనియు తెలియక అమ్మినవానికి మినహాయింపు కలదు. తెలిసినవానికి ఆ మినహాయింపు లేదు. ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయము మట్టి, తోలు, మణి, నూలు, ఇనుము, కఱ్ఱ, నార, వస్త్రము అనువానిలో తక్కువజాతిదానిని మేలుజాతిదిగా చూపి అమ్మువానికి విక్రయమూల్యమునకు ఎనిమిది రెట్లు దండము చెప్పినది. ఆ పట్టికలో కఱ్ఱ కూడ ఉన్నది. మోసపోయినవాడు తన నష్టమును మఱియొకనికి బదిలీ చేసినప్పుడు మోసము ముగియదు, వానిచేతిలో మఱొక తరము పొందును.

నాల్గవవాడు కోపిష్ఠి. "కాల్చెయ్" అనును. రెజిన్‌ను, ప్లాస్టిక్‌ను కాల్చిన పొగ విక్రేతను చేరదు, ఆ వీధిలోని వృద్ధుల శ్వాసకోశములను చేరును. వేదాంతులు చెప్పు రజ్జుసర్పమును ఇచ్చట స్మరింపవలెను. చీకటిలో త్రాడును పామని భ్రమించినవాడు దీపము వచ్చిన పిదప త్రాడును కొట్టడు. పామను బుద్ధి బాధితమగును, త్రాడు త్రాడుగా మిగులును. నకిలీ బొమ్మలో నశింపవలసినది "కొండపల్లి" యను తప్పుడు పేరు. వస్తువు ఏ పాపము ఎఱుగదు.

ఇక ఐదవవాడు అర్ధవేదాంతి. "జగమంతా మిథ్యే కదా, అసలు బొమ్మా నకిలీ బొమ్మా రెండూ నామరూపాలే, ఈ గొడవంతా ఎందుకు?" అనును. ఇది అద్వైతమును సోమరితనమునకు కవచముగా తొడుగుకొనుట. శంకరభగవత్పాదుల సంప్రదాయము వ్యావహారికసత్తను, ప్రాతిభాసికసత్తను ఒకటిగా కలుపలేదు. పరమార్థమున రెండు బొమ్మలును లేకపోవచ్చును. వ్యవహారమున ఒకదాని వెనుక కఱ్ఱ చెక్కిన చేయి, ఆ చేతిని నమ్ముకొన్న కుటుంబము ఉన్నవి. తన ఆకలిని సత్యముగాను, కొండపల్లి కళాకారుని ఆకలిని మిథ్యగాను చూచు జ్ఞానము జ్ఞానము కాదు.

అయినచో కర్తవ్యమేమి? ముందుగా అమ్మినవానియొద్దకు వెళ్లి శాంతముగా చెప్పవలెను. అతడును మోసపోయి ఉండవచ్చును. అతడు ఆ పేరు తీసివేయుటకు ఒప్పుకొన్నచో బొమ్మలను తిరిగి ఇచ్చి సొమ్ము గ్రహింపవచ్చును. ఒప్పుకొననిచో తిరిగి ఇచ్చుట మఱొక తల్లిని మోసమునకు అప్పగించుటయే యగును. అప్పుడు వానిని ఇంటనే ఉంచుకొని, పెట్టెపైని పేరు కొట్టివేసి, ప్రతి బొమ్మ అడుగున "అచ్చు బొమ్మ" అని వ్రాయవలెను. రేపు ఆ పెట్టె ఎవరి చేతికి పోయినను అసత్యము దానితో ప్రయాణింపదు. విఱిగిన వామనుని కాల్చక, నీటిలో వేయక, పొడిచెత్తలో వేయవలెను. తుదకు ఈ సంవత్సరము కొలువులో ఒక్క నిజమైన పొణికి బొమ్మనైనను నిలుపవలెను. లేపాక్షి వంటి ప్రభుత్వ హస్తకళా విక్రయశాలలలో అవి లభించును. దొంగిలింపబడిన పేరునకు గృహస్థుడు చేయగల ప్రాయశ్చిత్తము అదియే.

పది మూర్తులకు మాఱుగా ఒక్కటే బొమ్మ నిలిచినదని పేరంటాండ్రు అడుగవచ్చును. జరిగినది జరిగినట్లు చెప్పుటకు ఆ తల్లి సిగ్గుపడ నక్కఱలేదు. విన్న నలుగురును తమ పెట్టెలు త్రిప్పి చూచుకొందురు, ఆ కొలువు సత్యనారాయణుని కొలువగును.

స్వస్తి.