గట్టున తాడి, గుంటలో కప్ప



జి.కొండూరు నుంచి నందిగామ, జగ్గయ్యపేట దాకా మన మెట్ట ఊళ్లలో ఎటు చూసినా గట్టున తాటిచెట్టు కనిపిస్తుంది. తొలకరి రాత్రి గోదురుకప్పల అరుపు మాత్రం మునుపటిలా వినబడటం లేదు. ఎందుకో ఆలోచిద్దాం.

తాడి మొండిది. ఒక ఏడు వానలు ఎగ్గొట్టినా నిలబడుతుంది. కాపుకు రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టినా, వచ్చాక ముంజెలు, తేగలు, కల్లు, బెల్లం తరాల పాటు ఇస్తుంది. కప్పకు ఆ మొండితనం లేదు. అది చర్మంతోనే నీరు తాగుతుంది, గాలి కూడా కొంత పీల్చుకుంటుంది. పత్తికి, మిరపకు మనం కొట్టిన మందు ఆ చర్మం గుండానే లోపలికి పోతుంది. గుడ్లు తోకకప్పలై, కప్పలయ్యేదాకా నీరు నిలవాలి. గుంట పూడితే ఆ ఏటి సంతానం పోయినట్టే.

2023లో శాస్త్రవేత్తలు ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతులను పరిశీలించి, నూటికి 41 అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చారు. గోదురుకప్ప ఇంకా ఆ దశకు చేరలేదు. కానీ ఒకప్పుడు దీని కాళ్లు కోసి విదేశాలకు పంపారు. చివరికి 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది. "బోలెడు ఉన్నాయిలే" అన్న మాటే అంతదాకా తెచ్చింది. ఇటుక బట్టీకి తాడిని అమ్మేటప్పుడు కూడా మనం ఆ మాటే అంటున్నాం.

తాడి కోసం అడగడానికి గీత కార్మికులున్నారు. కప్ప తరఫున ఎవరున్నారు? అది పురుగులు తిని చేసిన చాకిరీ ఏ లెక్కలోనూ లేదు. అదే పనికి మనం మందుల కొట్లో అప్పు రాయిస్తున్నాం.

తప్పంతా ప్రభుత్వానిదే అనలేం. గుంట పూడ్చి సాగు చేసినవాళ్లు మనలోనూ ఉన్నారు. నీటికి జాగా లేకుండా చేస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు చూపించింది.

అందుకే మేము అడుగుతున్నాం: చెరువులు, కుంటల హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాలి. ఉపాధి హామీలో పూడిక తీసేటప్పుడు ఒక అంచు పల్లంగా, లోతు తక్కువగా వదలాలి. కట్ట మీది తాళ్లను లెక్కకట్టి పంచాయతీ కాపాడాలి. మన వంతుగా, నీటి అంచున నాలుగు సాళ్లకు మందు కొట్టకుండా వదులుదాం.

తాడి పోతే కంటికి కనిపిస్తుంది. కప్ప పోతే ఊరు మూగబోతుంది, అంతే. ఆ మూగతనం మనకు అలవాటు కాకముందే మేలుకుందాం.