కిదర్‌పూర్ పిడికిలి
కోల్‌కతా అనగానే గుర్తొచ్చేది ఫుట్‌బాల్, క్రికెట్. కానీ రేవు పక్కనున్న కిదర్‌పూర్‌లో బాక్సింగ్‌కూ అభిమానులున్నారు. ఆ పేట కుర్రాడే మొహమ్మద్ అలీ కమర్. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో, 48 కిలోల విభాగం ఫైనల్లో ఇంగ్లండ్ బాక్సర్ డారన్ లాంగ్లీని సొంతగడ్డపైనే మట్టికరిపించాడు. ఆ క్రీడల్లో భారత బాక్సింగ్‌కు అదే తొలి స్వర్ణం. అర్జున అవార్డూ దక్కింది. తర్వాత విజేందర్, మేరీకోమ్‌ల పేర్లు ఇంటింటికీ చేరాయి. దారి తెరిచిన కమర్ మాత్రం తెరవెనకే ఉండిపోయాడు. అయినా రింగును వదల్లేదు. భారత మహిళల జట్టు చీఫ్ కోచ్‌గా పగ్గాలు పట్టాడు. అతని హయాంలోనే 2019 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన అమ్మాయిలు నాలుగు పతకాలు తెచ్చారు. తొలి స్వర్ణానికి రావలసినంత పేరు మాత్రం ఇంకా బాకీయే.