నర్సు వెంట ఇల్లూ వస్తుంది: టామ్‌కామ్‌కు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ (టామ్‌కామ్) అధికారులకు,

మీరు మన పిల్లలకు జర్మన్ భాష నేర్పించి, నర్సు ఉద్యోగాలకు జర్మనీ పంపిస్తున్నారు. నేను మీ బ్యాచ్‌లో వచ్చినదాన్ని కాను, ఒక ప్రైవేటు ఏజెన్సీ ద్వారా లైప్‌జిగ్ వచ్చాను. అయినా ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. నేను డ్యూటీలో చేరిన రోజే ఏజెన్సీ పని అయిపోయింది. ప్రభుత్వ సంస్థ బాధ్యత అక్కడితో తీరదని నా నమ్మకం. నేను అడిగేది ఒక్కటే: నర్సుకు ఇచ్చే శిక్షణలో ఆమె ఇంటివాళ్లకు కూడా చోటివ్వండి.

మన దగ్గర చాలాకాలం విదేశం అంటే గల్ఫే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి మగవాళ్లు ఒక్కరే పోయారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే అక్కడ ఇంత జీతం ఉండాలని లెక్క, కూలిపనికి పోయినవాళ్లకు అది అందేది కాదు. క్యాంపులో కంపెనీ ఒక మంచం ఇచ్చేది, భార్యాపిల్లలు ఊళ్లోనే ఉండేవాళ్లు. అందుకే విమానం ఎక్కేముందు సర్కారు చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతాయి. కాంట్రాక్టు చదువుకో, పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టకు, ఏజెంటు మాట నమ్మకు. అవన్నీ అవసరమే. జర్మనీ సంగతి వేరు. ఇక్కడికి నర్సు ముందొస్తుంది, కొన్ని నెలలకు ఇల్లు మొత్తం వస్తుంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. ఆ లెక్కలోకి రాని భర్తలు, భార్యలు, పిల్లలు వాళ్ల వెనకే వస్తారు.

మా ఆయన, పాప వస్తున్నారని హాస్పిటల్ క్వార్టర్‌లో గది ఖాళీ చేసి ఫ్లాట్ తీసుకున్నాను. ఇక్కడ చాలా కిరాయి ఇళ్లలో వంటగదిలో నీళ్ల పైపు, కరెంటు పాయింటు మాత్రమే ఉంటాయి. సింకు, పొయ్యి, అలమరాలు ముందున్నవాళ్లు విప్పుకుని పోతారు, లేదా మనకు అమ్ముతారు. లైట్లు కూడా అంతే, పైకప్పు నుంచి ఉత్త వైర్లు వేలాడుతుంటాయి. చేతిలో ఉన్నదంతా డిపాజిట్‌కే పోయింది. డిపాజిట్ మూడు నెలల కిరాయికి మించకూడదనీ, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కిరాయిదారుకు చట్టమే ఇచ్చిందనీ నాకు చెప్పినవాళ్లు లేరు. ఆ ఒక్క ముక్క ముందే తెలిస్తే పొయ్యికీ సింకుకూ డబ్బు మిగిలేది. ఇండక్షన్ పొయ్యి కొందామన్నా, మా ఆయన కరీంనగర్ నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. రైస్ కుక్కరు ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో దిగదు. ఒక చిన్న హాట్‌ప్లేటు కొని, దాని మీదే ముందు అన్నం వండి దించి, తర్వాత పప్పు పెట్టేవాళ్లం. గిన్నెలు బాత్‌టబ్‌లో. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని తోముతుంటే పాప పక్కన టార్చ్ పట్టుకుని నిలబడేది, ఆ గదికి ఇంకా బల్బు పెట్టించలేదు.

ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది పోస్టు డబ్బా. ఇక్కడి చిరునామాల్లో మామూలుగా ఫ్లాట్ నంబరు ఉండదు. డబ్బా మీద పేరు చూసే పోస్టుమ్యాన్ ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే వెనక్కి పంపిస్తాడు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఆఫీసుకు పోయి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ నమోదు అయ్యాకే పన్ను నంబరు వస్తుంది. అదీ, బీమా కార్డూ, బ్యాంకు పిన్నూ అన్నీ పోస్టులోనే వస్తాయి. మా డబ్బా మీద నా పేరు ఒక్కటే ఉంది. నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉన్నాయి, పాపకు వాళ్ల నాన్న ఇంటిపేరు. మన ఇళ్లలో ఇది సర్వసాధారణం. పాప బీమా కార్డు, అలాంటి మనిషి ఈ చిరునామాలో లేదని తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడే పాపకు జ్వరం వచ్చింది. కార్డు లేకపోయినా బీమా ఆఫీసు నుంచి తాత్కాలిక పత్రం తెప్పించుకోవచ్చని మా వార్డులో పనిచేసే కేరళ అక్క చెప్పింది. వాళ్ల ప్రభుత్వ సంస్థ నార్కా రూట్స్, నర్సులను పంపడానికి 2021 డిసెంబరులోనే జర్మనీతో ట్రిపుల్ విన్ అనే ఒప్పందం చేసుకుంది. మాకంటే ముందొచ్చిన మలయాళీ నర్సులు మాకు ఎన్నో విధాల దారి చూపారు. ఇకముందు మన పిల్లలకు ఆ దారి మన భాషలోనే దొరకాలి.

డబ్బాలో పడిన ఉత్తరాలతో ఇంకో భయం. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు ప్రసార రుసుము కట్టాలి. ఆ నోటీసు చూసి మా ఆయన ఎవరో మోసగాళ్లు పంపారని కంగారుపడ్డారు.

బడి సంగతికి వస్తాను. 2020 మార్చి నుంచి ఇక్కడ ఒక చట్టం అమల్లో ఉంది. బడిలో చేరే పిల్లలకు తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయని ఆధారం చూపాలి. చదువు తప్పనిసరి కాబట్టి బడికి రావద్దనరు, కానీ ఆధారం లేకపోతే ఇక్కడి ఆరోగ్య కార్యాలయానికి తెలియజేస్తారు. మా పాపకు రెండు డోసులూ మా ఊరి సబ్ సెంటర్‌లో ఏఎన్ఎమ్ అమ్మ వేసింది. కార్డు మా అత్తమ్మ బీరువాలో ఉండిపోయింది. ఫొటో తీసి పంపించారు. మడత పడ్డచోట రెండో డోసు తేదీ చెరిగిపోయింది. చివరికి పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, బిడ్డకు రోగనిరోధకత ఉందని రాసిచ్చారు. ఊళ్లో టీకాలు అంత శ్రద్ధగా వేసిన ఏఎన్ఎమ్ రాసిన కార్డు ఇక్కడ పనికిరాకపోవడం నాకు బాధనిపించింది. పీహెచ్‌సీ డాక్టరు ఇంగ్లిషులో రాసి స్టాంపు వేసిన ఒక్క కాగితం ఉంటే సరిపోయేది.

ఇంకొకటి చెప్పాలి. పాప మొదట్లో బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నేరుగా బాత్‌రూమ్‌లోకి పోయేది. టాయిలెట్‌కు పంపమని టీచరును ఎలా అడగాలో తెలియక పొద్దంతా బిగబట్టుకునేది. నేను జర్మన్ భాషలో బి2 పరీక్ష రాసి వచ్చాను. నొప్పి ఎక్కడుంది, ఎప్పటి నుంచి ఉంది అని రోగిని జర్మన్‌లో అడగగలను. ఆ ఒక్క వాక్యం నా బిడ్డకు నేర్పాలని ఏ క్లాసులోనూ ఎవరూ గుర్తు చేయలేదు.

మా ఆయనకు కరీంనగర్‌లో మొబైల్ రిపేర్ షాపు ఉండేది. దాన్ని వదిలి, జర్మన్ మొదటి మెట్టు అయిన ఏ1 పరీక్ష పాసై నా వెంట వచ్చారు. ఏ1తో రొట్టె కొనుక్కోవచ్చు కానీ ఆఫీసు ఉత్తరం అర్థం చేసుకోలేం. నేను నైట్ డ్యూటీ చేసి పడుకుంటే, లేచేదాకా ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చునేవారు. ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లందరూ ఆయన ఏం చేస్తున్నాడని అడిగేవాళ్లు. నిజానికి ఆ నెలల్లో మా ఇంటిని నిలబెట్టింది ఆయనే. పొద్దున బడికి దింపడం, ఆఫీసుల ముందు వరసలో నిలబడటం, ఆ హాట్‌ప్లేటు మీద వంట. కారితాస్, డియాకోనీ లాంటి సంస్థలు కొత్తగా వచ్చినవాళ్లకు ఉచితంగా సలహా ఇస్తాయి, ఉత్తరం తీసుకుపోతే చదివి చెబుతాయి. మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్త ఇంటి చిరునామా కంటే ముందు ఆయన చేతిలో పెట్టాల్సిన చిరునామా అది.

అందుకే అడుగుతున్నాను. ప్రయాణానికి ముందు రెండు శనివారాలు భర్తలనో భార్యలనో పిలిచి తెలుగులో క్లాసు పెట్టండి. కిరాయి, చిరునామా నమోదు, డబ్బా మీద ఇంట్లో అందరి పేర్లు, బీమా, బడి గురించి చెప్పండి. పిల్లలకు బడిలో కావాల్సిన పది వాక్యాలు నేర్పించండి. మీరూ ఆరోగ్య శాఖా ఒకే సర్కారు కదా, టీకా పత్రం ఇంగ్లిషులో ఇప్పించడం మీకు ఒక్క ఉత్తరంతో అయ్యే పని. జర్మన్ హాస్పిటళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడే, కుటుంబం వచ్చాక మొదటి కొన్ని వారాలు అందరూ కలిసి ఉండే క్వార్టర్, ఆఫీసులకు తోడొచ్చే ఒక మనిషి కావాలని అడగండి. వాళ్లకు నర్సుల అవసరం గట్టిగా ఉంది, మీరు అడిగితే వింటారు.

ఈ క్లాసుల్లో ఆన్‌లైన్‌లో మాట్లాడటానికి మా ఆయన సిద్ధంగా ఉన్నారు. వచ్చే బ్యాచ్ దరఖాస్తు ఫారంలో భర్త లేదా భార్య ఫోన్ నంబరుకు ఒక గడి పెట్టండి. వాళ్లు ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టకముందే ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తారు.

ఇట్లు,
లైప్‌జిగ్ నుంచి ఒక తెలంగాణ నర్సు