లెక్క పిల్లలది

విద్యార్థి కేంద్రిత గణిత బోధనలో పిల్లలు తమకు తోచిన దారిలో లెక్క చేస్తారు. ఉపాధ్యాయుడు ఆ దారిని గమనించి తర్వాతి మెట్టు ఎక్కిస్తాడు. ఇది కొత్త మాటేమీ కాదు. పిల్లలు కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనీ, వారికి భయం ఉండకూడదనీ 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనే చెబుతోంది. చట్టంలో ఉన్నది జవాబు పత్రాలు దిద్దే కీలోకి రాలేదు. తగువంతా అక్కడే.

ఈ డిమాండ్ల ప్రణాళికపై సంతకాలు చేసినవారు ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పేవారు. మూడో తరగతి పరీక్షలో 52లోంచి 27 తీసేయమన్నారు. ఒక పాప పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోలేదు. 27కి 3 కలిపి 30, ఇంకో 20 కలిపి 50, మరో 2 కలిపి 52. మొత్తం 25 అని రాసింది. సంతలో తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్కగట్టే తీరు అది. జవాబు సరైనదే, మార్కులు మాత్రం సున్నా. ఇదేమిటని అడిగిన ఉపాధ్యాయుల పేర్లు తర్వాతి శిక్షణ జాబితాలో కనిపించలేదు. ఆ కీ రాసినవారిలో చిన్న తరగతులకు పాఠం చెప్పేవారు ఒక్కరూ లేరు.

సరైన తర్కంతో వచ్చిన ఏ పద్ధతికైనా పూర్తి మార్కులు ఇవ్వాలన్నదే ప్రధాన డిమాండు. అదే ప్రశ్నకు 35 అని రాసిన పిల్లవాడు 7లోంచి 2 తీసేశాడు. అతనికి స్థాన విలువ మళ్లీ చెప్పాలి. పాపకు చెప్పాల్సిందేమీ లేదు. కీ ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. సంత లెక్కలోని నేర్పు కాగితం మీద కనబడకపోవడం ఇక్కడే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లలపై 1985లో ఒక పరిశోధన అచ్చయింది. బేరంలో వాళ్లు నూటికి 98 లెక్కలు సరిగ్గా చేశారు. అలాంటివే కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు.

తోచిన పద్ధతల్లా ఒప్పేనా అన్నది న్యాయమైన ప్రశ్నే. 16/64లో పైనా కిందా 6 కొట్టేస్తే 1/4 వస్తుంది, అయినా అది లెక్క కాదు. ఆ తేడా పట్టడానికే దిద్దేవారు కావాలి. కీతో సరిపోల్చడానికైతే యంత్రం చాలు.

ఎక్కాలు రావాలి, బెత్తం పోవాలి. నల్లబల్ల పిల్లల చేతికి రావాలి. తప్పు చేసిన చేయి వణకని తరగతి ప్రతి ఊళ్లో ఉండాలి. కూలికి పోయే తల్లి వేళ్ల మీద చేసే లెక్క ఆ తరగతిలో గణితంగానే చెల్లాలి.

తర్వాతి కీ తయారీలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బోధించేవారు సగం మంది ఉండాలి. ముందుగా ఆ పాప జవాబు పత్రం మళ్లీ దిద్దాలి. ఆమెకు రావలసినవి రెండు మార్కులు.