శ్రద్ధ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

పరిశోధన ప్రమాణాలు పడిపోవడానికి విద్యార్థుల్లో శ్రద్ధ లేకపోవడమే కారణమన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. ముందు వారికి అందే ఫెలోషిప్‌ల సంగతి చూడాలి. 2023 జనవరి నుంచి, నెట్ పరీక్ష ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు రూ.37,000 అయింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే ఫెలోషిప్ మాత్రం దశాబ్దానికి పైగా రూ.8,000 దగ్గరే ఉండిపోయింది. ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన పనిచేసేవారి మధ్య ఇంత అంతరం న్యాయమా? రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆ పథకమే వర్తించదు.

డబ్బిస్తేనే నాణ్యత వస్తుందా అని కొందరు అడగవచ్చు. డబ్బొక్కటే చాలదు, నిజమే. మంచి పర్యవేక్షకులూ కావాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ 8 మందికి మించి పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోకూడదు కనుక, అధ్యాపక ఖాళీలు నింపకుండా సీట్లు పెంచలేం. అయినా అద్దె కోసం ట్యూషన్లు చెప్పుకునేవారికి గ్రంథాలయంలో కూర్చునే తీరికెక్కడిది? ముందు ఫెలోషిప్ పెంచి, నెలనెలా అందించి, ఆపై నాణ్యతను నిక్కచ్చిగా అడగాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్